విల్ఫ్ ఒరిగిన భుజం

యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకునే నవంబరు రెండో ఆదివారం వాన పడకపోతే బ్రాక్‌షా జనానికి ఏదో వెలితిగా ఉంటుంది. ఆ ఏడు ఆ వెలితి లేదు. పొద్దుటి నుంచీ జల్లెడ పట్టినట్టు సన్నటి తుంపర పడుతూనే ఉంది. అయినా ఊరు ఊరంతా మార్కెట్ వీధిలో యుద్ధస్మారకం దగ్గర పోగైంది. కోటుకో ఎర్ర కాగితపు పువ్వు, చేతికో గొడుగు. పదకొండు కాబోతుంటే ఆ గొడుగులు కూడా మూసేశారు. పోయినవాళ్ల కోసం కాసేపు తడవలేమా అన్నది అక్కడి వాళ్ల పట్టుదల.

మాజీ సైనికుల వరస ఏటేటా కురచవుతోంది. ఒకప్పుడు చర్చి గేటు దాకా ఉండేది, ఇప్పుడు స్మారకం మెట్ల పొడవుకి సరిపోతోంది. మెట్లకి వీపు పెట్టి, రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడతారు. కుడి చివర విల్ఫ్ ఓట్స్. తొంభై దాటిన మనిషి, వరసలో బాగుండదని చేతికర్ర ఇంట్లో వదిలేసి వచ్చాడు. అతని పక్కన నెవిల్ హార్డ్‌కాసిల్. అరవై మూడేళ్లున్నా ఆ వరసలో కుర్రాడి కిందే లెక్క.

విల్ఫ్‌కి పతకాలు లేవు. అతను ఎక్కాల్సిన ఓడ రేవు దాటకముందే కొరియాలో యుద్ధం ఆగిపోయింది. సైన్యంలో ఉన్న రెండేళ్లూ బ్యారక్‌ల చుట్టూ రాళ్లకి సున్నం కొట్టి ఇంటికొచ్చాడు. నెవిల్‌కి రెండున్నాయి. ఎడారిలో యుద్ధం జరుగుతుంటే దానికి బాగా వెనక, డేరాలో గుడ్లు వేయించినందుకు ఒకటి. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లి ఏళ్ల తరబడి అవే గుడ్లు వేయించినందుకు రెండోది. శత్రువు ఎలా ఉంటాడో అతను చూడలేదు. అతని టీ తాగినవాళ్లు మాత్రం మేం చూశామనేవారు.

వరసకి ఎదురుగా గోర్డన్ సగ్డెన్ నిలబడ్డాడు. ఒకప్పుడు సార్జెంటు, ఇప్పుడు మాజీ సైనికుల క్లబ్బుకి కార్యదర్శి. మనిషి ఎండిపోయినా గొంతు మాత్రం ఎండలేదు. "అటెన్‌షన్!" అన్నాడు. ముసలి మడమలు వెనకా ముందూ కలిశాయి. బాకా ఊదారు, ఆగింది. మౌనం మొదలైంది.

ఆ రెండు నిమిషాలు బ్రాక్‌షాలో కుక్కని కూడా మొరగనివ్వరు. ఎదురుగా స్టాపులో హాలిఫాక్స్ పట్నానికి వెళ్లే బస్సు ఇంజను ఆపేసింది. జనం తలలు దించుకున్నారు. నెవిల్ నేర్చుకున్నట్టే తల నిటారుగా పెట్టి, ఎదుటి దుకాణం బోర్డు మీద చూపు నిలిపాడు.

మొదట కుడి భుజం మీద చిన్న బరువు తగిలింది. ముసలాయన కాస్త ఆనుకున్నాడేమో, ఆనుకోనీ అనుకున్నాడు. బరువు పెరిగింది. కోటు చేతి మీదుగా మెల్లగా కిందికి జారింది. చెవి పక్కన గొంతు గరగరలాడిన చప్పుడైంది.

నెవిల్‌కి తెలిసిపోయింది. ఈ మాట ఇప్పుడే చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత ఊరంతా అతనికి తెలియనట్టే మాట్లాడింది. అతనికి తెలుసు. కానీ పరేడ్‌లో పక్కవాడు పడితే కదలకూడదు. పద్దెనిమిదో ఏట ఆ పాఠం అతని వెన్నులోకి ఎక్కించారు. ఎండకి కుర్రాళ్లు దబ్బుదబ్బున పడేవాళ్లు. పడ్డవాణ్ణి మోసుకుపోవడానికి వేరే మనుషులుండేవాళ్లు. నీ పని ఎదురుగా చూడడం, అంతే. నెవిల్ ఎదురుగా చూస్తూ వేరే మనుషుల కోసం ఎదురుచూశాడు. బ్రాక్‌షాలో వేరే మనుషులెవరూ లేరు.

విల్ఫ్ వెనక్కి మెట్ల మీదికి, అప్పుడే పెట్టిన ఎర్ర కాగితపు పూల చక్రాల మధ్యకి పడిపోయాడు. ఎవరో ఒకరిద్దరు తలెత్తారు, మళ్లీ దించుకున్నారు.

"ఏమయ్యా, కదలరేం! మనిషి పోతుంటే బొమ్మల్లా నిలబడతారేంట్రా, వెధవల్లారా!"

రోడ్డవతల నుంచి బెవ్ ఫర్త్ పరిగెత్తుకొచ్చింది. ఇళ్లకి వెళ్లి ముసలివాళ్లకి నీళ్లు పోసి, మాత్రలిచ్చి, అన్నం పెట్టే మనిషి. ఒక ఇల్లు ముగించి ఇంకో ఇంటికి వెళ్లేందుకు ఆ బస్సు ఎక్కుదామని వచ్చి, మౌనానికి తలుపు మూసేసి ఉండడంతో దాని ముందు నిలబడింది. ఒంటి మీద ఊదారంగు పనిచొక్కా, దాని మీద తడిసిన స్వెట్టరు. సగ్డెన్‌ని భుజంతో నెట్టేసింది. పూల చక్రాల మీద కాలు పెట్టి విల్ఫ్ పక్కన కూలబడింది. జనంలోంచి "ఉష్" అని వినిపించింది. సగ్డెన్ పెదవులు కదలకుండా "మౌనం... మౌనం పాటించమ్మా" అన్నాడు.

"నీ మౌనం నా దగ్గర కాదు! అంబులెన్సుకి ఫోన్ కొట్టు!"

ఆమె విల్ఫ్ చొక్కా గుండీలు తెంపి, రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి వేసి రొమ్ము మీద నొక్కడం మొదలుపెట్టింది. నొక్కుతూ లెక్కపెట్టుకుంటోంది, మధ్యలో తిడుతోంది. నెవిల్ వీపు వెనక అదంతా జరుగుతోంది. అతను ఎదుటి దుకాణం బోర్డు చూస్తూనే ఉన్నాడు.

"ఓయ్, పతకాలాయనా! నా చేతులు పడిపోతున్నాయి. ఇటు దిగు!"

అప్పుడు బాకా మోగింది. మౌనం అయిపోయింది. అప్పుడు వంగాయి నెవిల్ మోకాళ్లు.

జనం తలలెత్తేసరికి కనిపించింది ఇది: తడిసిన మెట్ల మీద పడి ఉన్న ముసలి సైనికుడు, అతని గుండె మీద చేతులు వేసి నొక్కుతున్న ఇంకో సైనికుడు, వాన నీళ్లలో మెరుస్తున్న రెండు పతకాలు. ఫోన్లు పైకి లేచాయి. బెవ్ పక్కకి జరిగి, చేతులు ఒళ్లో పెట్టుకుని రొప్పుతోంది. చాలా ఫొటోల్లో ఆమె పడలేదు. పడ్డ వాటిలో కూడా తర్వాత ఆ భాగం కత్తిరించేశారు.

*

నెవిల్ పనిచేసేది గ్వెన్ నడిపే, వేయించిన చేపలూ చిప్సూ అమ్మే దుకాణంలో. సోమవారం పొద్దున్నే వెనక గదిలో బంగాళాదుంపల బస్తా విప్పి కూర్చున్నాడు. చెక్కు మరలో తీస్తారు కానీ దుంప కళ్లు మాత్రం చాకు మొనతో ఒక్కొక్కటీ తియ్యాలి. ఆ పని అతనికి ఇష్టం. చేతులు వాటి దారిన అవి పోతుంటే బుర్రకి కాస్త విశ్రాంతి. ఆ రోజు మాత్రం చేతులు ఆగి ఆగి కదిలాయి.

ముందురోజు సాయంత్రం అతని తలుపు నలుగురు తట్టారు. కరెంటు మీటరు చూసే మనిషి తప్ప ఎవరూ తట్టని తలుపు అది. పక్కింటావిడ కేకు తెచ్చింది. పదేళ్లుగా ఆమెకి తన పేరు తెలుసో తెలియదో కూడా అతనికి తెలియదు. గుమ్మంలో నిలబడి "మీలాంటివాళ్లు ఉండబట్టే మేం హాయిగా నిద్రపోతున్నాం" అంది. నెవిల్ కుర్చీ మీది పాత పేపర్లు తీసి కూర్చోమన్నాడు. ఆమె కూర్చుంది కూడా. నిజం దాచడమెందుకు, అతనికి చాలా బాగుంది. ఆమె వెళ్లాక రెండు కప్పులు కడిగాడు. ఆ ఇంట్లో ఒకేసారి రెండు కప్పులు కడిగి ఎన్నాళ్లయిందో అతనికి గుర్తులేదు.

పన్నెండింటికి దుకాణం తీసేసరికి వరస వీధిలోకి వచ్చింది. గ్వెన్ ఫోన్లో వచ్చిన ఫొటోని పెద్దగా అచ్చు తీయించి వెనిగర్ సీసాల పైన అంటించింది. కింద 'మా వీరుడు' అని పెన్నుతో రాసింది.

"తియ్యి గ్వెన్, బాగుండదు," అన్నాడు నెవిల్, చేపని పిండిలో ముంచి నూనెలోకి వదులుతూ.

"సిగ్గు చూడండమ్మా ఈయనకి! అయినా ఇన్నాళ్లూ నా దుకాణంలో ఒక వీరుణ్ణి పెట్టుకుని దుంపలు కోయించానా? ఎవరన్నా వింటే నా మొహాన ఉమ్మేస్తారు."

వరసంతా నవ్వింది. ఒక ముసలావిడ గల్లా మీదుగా వంగి అతని చెయ్యి పట్టుకుని ఊపింది. ఇంకొకాయన, రేపు పదకొండో తారీఖు కదా, పెద్ద యుద్ధం ఆగిన రోజని స్మారకం దగ్గర మళ్లీ పాటించే మౌనం అయ్యాక మేయరు స్వయంగా సన్మానం చేస్తాడట కదా అని అడిగాడు. నెవిల్‌కి ఆ సంగతి అప్పుడే తెలిసింది.

"విల్ఫ్ ఎలా ఉన్నాడో తెలుసా?" అన్నాడు.

"బతికే ఉన్నాడు, అదే పదివేలు," అన్నాడాయన. "కూతుర్ని చూసి తన తల్లి అనుకుంటున్నాడట. మాట తడబడుతోంది. మూడు పక్కటెముకలు విరిగాయి. విరగవూ? ఆ బెవ్ ఫర్త్ మీదెక్కి తొక్కితే."

"దాన్ని పనిలోంచి ఆపేశారు, విన్నారా?" అంది వెనకావిడ. "సగ్డెన్ గారు వాళ్ల ఆఫీసుకి ఫోన్ చేసి బాగా పెట్టారట. పనిచొక్కా వేసుకుని నడివీధిలో ఆ బూతులేంటి, ఆ పూల చక్రాలు తొక్కడమేంటి! పోయినవాళ్లకి ఇచ్చే మర్యాద అదేనా?"

"పోయినవాళ్ల మర్యాద సరే, పోబోయినవాడి సంగతో?" అందామనుకున్నాడు నెవిల్. ఆ మాట అనకుండా ఇంకో చేపని నూనెలోకి వదిలాడు. నొక్కుతున్నప్పుడు తన అరచేతుల కింద కూడా పుటుక్కుమంది. ఆ ఎముకల్లో ఎన్ని ఆమెవో ఎన్ని తనవో ఎవరు చెప్పగలరు? అతను ఆ ఆలోచనలో ఉండగానే నూనెలోంచి పొగ లేచింది. చేప నల్లగా తేలింది. నెవిల్ చేతిలో చేప మాడడం ఆ దుకాణంలో అదే మొదలు.

"వీరులకి ఒకటి మాఫీ," అంది గ్వెన్.

*

బెవ్ ఇల్లు ఊరికి ఎగువన, ఎక్కితే ఆయాసం వచ్చే వీధిలో ఉంది. ఆ మధ్యాహ్నం పని ముగిశాక నెవిల్ కాగితంలో చుట్టిన చేప, చిప్స్ కోటు లోపల పెట్టుకుని ఎక్కాడు. చల్లారకూడదని దారిలో ఎక్కడా ఆగలేదు.

తలుపు తీసిన బెవ్ అతన్ని పైనుంచి కింద దాకా చూసింది.

"ఏం కావాలి?"

"చేప తెచ్చానమ్మా. వేడిగానే ఉంది."

"నేను అడిగానా?"

"లేదండీ."

"అమ్మా, అండీ ఏంటి, బెవ్ అను చాలు. లోపలికి రా. తలుపు తెరిచి పెడితే వెచ్చదనమంతా వీధిలోకి పోతుంది."

వంటింట్లో ఇస్త్రీ బల్ల మీద ఊదారంగు పనిచొక్కా పరిచి ఉంది. కాగితపు పువ్వుల ఎర్రరంగు దాని అంచుకి అంటుకుంది. ఉతికినా గులాబీ మచ్చగా మిగిలింది. బెవ్ ఇస్త్రీపెట్టె మళ్లీ చేతిలోకి తీసుకుని కాలరు దగ్గర మొదలుపెట్టింది. ముందు లోపలి వైపు, తర్వాత పైవైపు. సైన్యంలో నేర్పినట్టే చేస్తోంది అనుకున్నాడు నెవిల్.

"రేపు హాలిఫాక్స్ ఆఫీసులో పంచాయితీ," అంది ఆమె. "ముగ్గురు కూర్చుంటారట. యూనిఫాంలో ఉండి నోరెందుకు జారావు, యూనిఫాంలో ఉండి పూలెందుకు తొక్కావు అని అడుగుతారట. ఈ గుడ్డముక్క యూనిఫాం అని నాకు నిన్నటిదాకా తెలీదు. తెలిస్తే నేనూ వీరురాలిననేదాన్ని."

"మిమ్మల్ని తీసేస్తారా?"

"తీసేస్తే తీసేస్తారు. నా బాధ అది కాదు. మిల్లు వీధిలో ఎడిత్ అని ఒకావిడుంది, చూపు లేదు. కొత్త మనిషి చెంచా నోటి దగ్గర పెడితే నోరు తెరవదు. ఇవాళ ఎవర్ని పంపారో, తిందో లేదో." ఆమె చొక్కా తిప్పి వేసింది. "తిను. తెచ్చింది నువ్వేగా. నాకు ఆకలి లేదు."

నెవిల్ తినలేదు. టోపీ తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"ఆయన్ని బతికించింది మీరు. నేను..."

"నువ్వూ బాగానే నొక్కావు. వంటోడివి, పిండి పిసికిన చేతులు కదా."

"అది కాదు. నేను ముందే..."

"తెలుసు నాయనా."

ఇస్త్రీపెట్టె ఆగింది. బెవ్ దాన్ని నిలబెట్టి పెట్టింది.

"ఎదురుగా స్టాపులో ఉన్నాను. ముసలాయన నీ మీదికి ఒరగడం చూశాను. నీ భుజం కిందికి దిగడమూ చూశాను. నువ్వు కావాలని దించావేమో, పట్టుకోబోతున్నావేమో అనుకున్నాను."

నెవిల్ చెవులు వేడెక్కాయి. "మరి ఎవరితోనూ అనలేదేం?"

"ఏమని అనను? నేను మాత్రం వచ్చానా? ఒక కాలు రోడ్డు మీద వేసి ఆగిపోయాను. ఆయన పక్కన సైనికుడున్నాడు, పతకాలున్నాయి, ఏం చెయ్యాలో ఆయనకి తెలుసులే, మధ్యలో నేనెవర్ని అనుకున్నాను. నువ్వు కదులుతావని చూస్తూ నిలబడ్డాను. నీ రొమ్ము మీద అవి మెరవకపోయుంటే, నువ్వు ఏ పాలబ్బాయివో అయ్యుంటే, అప్పుడే వచ్చేదాన్ని." ఆమె మాట మెత్తబడలేదు కానీ చిన్నదైంది. "ఇప్పుడాయన కూతుర్ని చూసి తల్లి అనుకుంటున్నాడట. ఆ కాస్త ఆలస్యం నీదొక్కడిదే కాదు."

ఆ మాట నెవిల్‌కి దెబ్బలాగే తగిలింది. తను చెయ్యని పని ఒక్కటే తన లెక్కలో ఉందనుకున్నాడు. తన కోటు మీద ఉన్న వాటిని చూసి ఇంకొకరు ఆగిపోయారన్నది అతని ఊహకి కూడా అందలేదు. వేరే మనుషులు వస్తారని తను నిలబడ్డాడు. ఆ వేరే మనిషి తనేననుకుని ఆమె నిలబడింది. గది వెచ్చబెట్టే గ్యాసు పొయ్యి గోడ దగ్గర ఉస్సుమంటోంది.

"రేపు నేనూ వస్తాను," అన్నాడు. "ఆ ముగ్గురికీ నేనే చెబుతాను."

"ఏ బస్సుకి వస్తావు? పదకొండింటి బస్సు పోతే నేను అక్కడికి వేళకి చేరను. పదకొండింటికి నువ్వు అక్కడ నిలబడాలి, మేయరు వస్తాడు." బెవ్ నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉంది కానీ విషం లేదు. "వద్దులే నాయనా. నాకు ఈ ఊళ్లో ఎలాగూ నలుగురు లేరు. నీకు ఆ క్లబ్బు తప్ప ఇంకెవరున్నారు? వెళ్లు, దిగేటప్పుడు మెట్లు జారతాయి, చూసుకో."

*

చీకటి నాలుగున్నరకే పడుతుంది ఆ రోజుల్లో. నెవిల్ తిన్నగా క్లబ్బుకి వెళ్లాడు. సోమవారం సాయంత్రాలు అక్కడ డామినోలు ఆడతారు. అతను లోపలికి రాగానే బల్లలన్నీ చప్పట్లు కొట్టాయి. ఎప్పుడూ తలుపు పక్క చలిగాలి తగిలే చోట కూర్చునేవాడు. ఇవాళ పొయ్యి పక్క కుర్చీ ఖాళీగా ఉంచారు.

"రారా, రారా!" అన్నాడు సగ్డెన్. "రేపటికి బూట్లు మెరిశాయా? మేయరు వెండి పళ్లెం ఇస్తున్నాడు. చేపలు పెట్టుకోవడానికి కాదురోయ్!"

నెవిల్ కూర్చోలేదు. "గోర్డన్, ఒక మాట చెప్పాలి. విల్ఫ్ ఒరిగినప్పుడే నాకు తెలుసు. నా భుజం మీదే ఒరిగాడు. నేను కదల్లేదు. బాకా మోగేదాకా నిలబడ్డాను. బతికించింది ఆ అమ్మాయి."

సగ్డెన్ లేచి అతని వీపు తట్టాడు.

"విన్నార్రా? వీరుడంటే వీడు! అసలైనవాడు ఎప్పుడూ 'నేను కాదు, నేను కాదు' అనే అంటాడు. మా ఆఫీసరొకాయన అచ్చం ఇలాగే..."

"నేను అబద్ధం చెప్పడం లేదు గోర్డన్. నిజంగానే నిలబడ్డాను."

"నిలబడ్డావు! నిలబడాలి మరి! వరసలో పక్కవాడు పడితే ఏం చెయ్యాలి? కదలకూడదు. నేను సార్జెంటుగా ఉన్నప్పుడు నువ్వు కదిలుంటే నీ తోలు ఒలిచేవాణ్ణి. అన్నేళ్ల తర్వాత కూడా క్రమశిక్షణ మరవలేదంటే అదీ సైనికుడంటే!"

"అంటే కదిలినా వీరుణ్ణే, కదలకపోయినా వీరుణ్ణేనా?"

"యూనిఫాం వేసుకున్నావు కదరా! ఇంకేం కావాలి?"

ఆ మాట సగ్డెన్ వేళాకోళానికి అనలేదు. మనస్ఫూర్తిగా, ప్రేమగా అన్నాడు. అదే నెవిల్‌ని ఎక్కువ భయపెట్టింది. ఏం చేసినా చెరగని పేరు తన మీద అచ్చు వేసేశారు, ఇక ఆ పేరు వెనకాల నెవిల్ అనేవాడు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

"ఆ అమ్మాయి సంగతేంటి మరి? మీరు ఫోన్ చేశారటగా. ఆమె ఉద్యోగం పోతోంది."

సగ్డెన్ మొహం బిగుసుకుంది. "మౌనాన్ని చెడగొట్టింది నెవిల్. అది చిన్న తప్పు కాదు. ఆ రెండు నిమిషాలు తప్ప ఈ దేశం మనల్ని ఇంకెప్పుడు తలుచుకుంటుంది చెప్పు?"

ఆ మాటలో కూడా ఒక నిజం ఉంది, అది ఆ గదిలో ఉన్న ప్రతి ముసలివాడి ఒంటరితనమూను. ఎవరో డామినోలు కలిపారు. ఎవరో అతని చేతిలో బీరు గ్లాసు పెట్టారు. అతను చెప్పిందంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టైంది. నెవిల్ పొయ్యి పక్క కుర్చీలో కూర్చుని, వెచ్చగా, ఒక్క గుక్క కూడా తాగకుండా ఆ గ్లాసు పట్టుకునే ఉన్నాడు.

*

మంగళవారం వాన లేదు. చలి మాత్రం ముక్కుని కోస్తోంది. పనిరోజు కాబట్టి ఆదివారమంత జనం రాలేదు, అయినా మేయరు ఉన్నాడని కాస్త ఎక్కువే వచ్చారు. వెండి పళ్లెం ఎర్రగుడ్డ కింద ఉంది. గ్వెన్ దుకాణం మూసి, ముందు వరసలోకి వచ్చి నిలబడింది.

నెవిల్ పొద్దున్నే బూట్లు మెరిపించాడు. పతకాలు పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకుంటున్నాడో తనకే తెలియకుండా, ప్రతి ఏడూ చేసే పని కాబట్టి చేశాడు. సగ్డెన్ అతన్ని పాత చోటులోనే నిలబెట్టాడు. ఇప్పుడు కుడి చివర అతనే. కుడి పక్కన ఎవరూ లేరు. ఆ వైపు నుంచి గాలి కొడుతోంది.

ఎదుటి స్టాపులోకి హాలిఫాక్స్ బస్సు వచ్చి ఆగింది. ఎక్కినవాళ్లలో బెవ్ ఉంది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, దాని మీద మంచి కోటు వేసుకుంది. కిటికీ పక్కన కూర్చుని చేతిసంచీ పక్క సీట్లో పెట్టుకుంది. ఇటు చూడలేదు.

బాకా ఊదారు, ఆగింది. బస్సు ఇంజను కూడా ఆగింది. తలలు వంగాయి.

నెవిల్ ఎదుటి దుకాణం బోర్డు వైపు చూశాడు. దాని కింద బస్సు, బస్సులో కిటికీ, కిటికీలో ఆమె తల. ఈ మౌనం అయ్యాక బాకా మోగుతుంది, మేయరు ముందుకొస్తాడు, బస్సు వెళ్లిపోతుంది. ఆమె ఆ ముగ్గురి ముందు ఒక్కతే కూర్చుంటుంది. ఏం చూశావని అడిగితే, ఇతని మీద నింద పడకుండా చూసుకుంటూ, ఇతని గురించి ఒక్క మాట కూడా చెప్పదు. నిన్న క్లబ్బులో నిజం చెబితే వీపు తట్టారు. ఇవాళ చెబితే చప్పట్లు కొడతారు. మాటలతో ఇది తేలదు.

కుడి భుజం తేలిగ్గా ఉంది. ఆ తేలిక అతను ఓర్చుకోలేకపోయాడు.

ఎడమ కాలు ముందుకు వేశాడు.

సైనికుల బూట్ల మడమలకి ఇనుప రేకులుంటాయి. ఆ నిశ్శబ్దంలో అవి రోడ్డు మీద సుత్తిదెబ్బల్లా మోగాయి. తలలు లేచాయి. సగ్డెన్ పక్కనుంచి పోతుంటే అతని కళ్లు ఇంతింతయ్యాయి.

"హార్డ్‌కాసిల్! వరసలోకి రా!"

ఆ కేక చర్చి గోడకి తగిలి తిరిగొచ్చింది. జనంలో ఎవరో "ఉష్" అన్నారు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, తన మౌనాన్ని తనే చెడగొట్టుకున్న సగ్డెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అతని మొహంలో కోపం లేదు, నమ్మలేని బాధ ఉంది. నెవిల్ ఆ మొహం చూశాడు. ఇక సోమవారాలు డామినోలు లేవని, పొయ్యి పక్క కుర్చీ కాదు కదా, తలుపు పక్క కుర్చీ కూడా లేదని అతనికి అప్పుడే అర్థమైంది. అయినా ఆగలేదు. ఆగితే మళ్లీ నిలబడిపోతాననిపించింది.

బస్సు ముందు నుంచి చుట్టి అవతలి వైపు తలుపు దగ్గరికి వెళ్లాడు, అది మూసి ఉంది. తట్టాడు. డ్రైవరు స్టీరింగు మీద తల వంచుకుని ఉన్నాడు. మళ్లీ తట్టాడు. డ్రైవరు ఎత్తకుండానే తల అడ్డంగా ఊపాడు, బాకా మోగేదాకా కుదరదన్నట్టు. నెవిల్ వెనక్కి తిరిగి చూడలేదు. బస్సు అద్దాల గుండా ఊరు మొత్తం చూపులు తగులుతున్నాయి. ఎడారిలో ఉన్నన్నాళ్లూ పట్టనంత భయం పట్టింది.

లోపల బెవ్ లేచింది. సీట్ల మధ్యనుంచి ముందుకొచ్చి, అత్యవసరమైతే తప్ప నొక్కకూడదని రాసి ఉన్న ఎర్ర బటన్ నొక్కింది. తలుపు బుస్సుమని తెరుచుకుంది.

"ఇదేంటమ్మా, మౌనం..." అన్నాడు డ్రైవరు గుసగుసగా.

"పాటించు నాయనా, నిన్నెవరు వద్దన్నారు?" అని ఆమె వెనక్కి నడిచి తన సీట్లో కూర్చుంది. చేతిసంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

నెవిల్ ఎక్కాడు. సీటు పక్కకి వచ్చి కడ్డీ పట్టుకుని ఆగిపోయాడు. బయట మౌనం ఇంకా అయిపోలేదు. అతని మడమలు వాటంతట అవే కలిశాయి, వెన్ను నిటారైంది, చూపు ఎదుటి అద్దం మీద నిలిచింది. బస్సులో ఉన్న నలుగురైదుగురు ముసలివాళ్లు అతని పతకాల వైపే చూస్తున్నారు.

బెవ్ అతని కోటు అంచు పట్టుకుని కిందికి లాగింది.

"కూర్చో. నిలబడ్డది చాలు."

కూర్చున్నాడు. సీటు ఇరుకు. అతని కుడి భుజానికి ఆమె భుజం ఆనింది. అది సన్నగా వణుకుతోంది, చలికో, భయానికో, ఆ ముగ్గురి ముందు చెప్పాల్సిన మాటలకో. బయట బాకా ఇంకా మోగలేదు. నెవిల్ తల పక్కకి తిప్పి ఆమెని చూశాడు.